చెరువు నీళ్ళు, చట్టంలో మాటలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగపూట పంచాంగం వినవలసిన వేళ వేరే కథ ఎత్తుకొన్నందుకు పెద్దలు మన్నించాలి. మహారాష్ట్ర నీళ్ళు తరాలుగా తాగుతున్నవాళ్ళం. ఈ గడ్డమీది నీళ్ళ కథే ఒకటి చెబుతాను.

1901 ప్రాంతం. సాతారా జిల్లాలో కరవు. బీదలకు కూలి దొరకాలని ప్రభుత్వం గోరేగావ్‌లో చెరువు తవ్విస్తున్నది. ఆ పనికి క్యాషియరు రామ్‌జీ గారు. ఆయన్ను చూడబోయిన పిల్లలు మసూరు స్టేషనులో రైలు దిగారు. చక్కని బట్టలు చూసి పలకరించిన స్టేషను మాస్టరు, మహార్లమని చెప్పగానే ముఖం మార్చుకొన్నాడు. బండివాళ్ళు రామన్నారు. చివరకు రెట్టింపు బాడుగకు ఒకడు దొరికాడు. అదీ, పిల్లలే తోలుకోవాలి, అతడు పక్కన నడుస్తాడు! దారిలో తిండి ఉన్నది, తాగడానికి నీళ్ళు ఇచ్చేవారు లేరు. నీళ్ళు లేక తిండీ ముట్టకుండానే పడుకొన్నారు. తండ్రి పనిచేసేది చెరువు తవ్వేచోట. కొడుకుకు గుక్కెడు నీళ్ళు లేవు. ఆ కొడుకు భీమరావు అంబేద్కరు. ఈ సంగతి తరువాత ఆయనే వ్రాసుకొన్నారు.

అమెరికాలో, లండనులో చదివివచ్చి 1917లో బరోడా కొలువులో చేరితే పారశీ సత్రంనుండి పదకొండోనాడు కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. అది అలా ఉంచి మహాడ్‌కు పోదాం.

ప్రభుత్వ ధనంతో నడిచే బావులు, నీటితావులు, ధర్మశాలలు అంటరానివారికీ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. 1924లో మహాడ్ పురపాలక సంఘం సరేనన్నది. కాగితంమీద సరే; చవదార్ చెరువు గట్టున ఏమీ మారలేదు. 1927 మార్చి 20న అంబేద్కరు గారు వేలమందితో నడిచివెళ్ళి దోసిట నీళ్ళు తాగారు. ఆనాడే దెబ్బలు పడ్డాయి. తరువాత 108 కుండల పంచగవ్యపు నీళ్ళతో చెరువుకు శుద్ధి! పైగా చెరువు సొంతమనీ, అనాది ఆచారమనీ కొందరు దావా వేశారు. హైకోర్టు దాన్ని తోసిపుచ్చేసరికి 1937 మార్చి వచ్చింది. దోసెడు నీళ్ళకు పదేళ్ళు!

ఇక రాజ్యాంగం పదిహేనవ అధికరణం రెండవ ఖండం చూడండి. దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అంటూ పేరుపేరునా ఉన్నది. ప్రభుత్వ ధనం కొంత తగిలినా చాలు, ప్రజల వాడకానికి విడిచినా చాలు, కులం పేరిట అడ్డగించరాదు. రాజ్యాంగం ఒక్కరి చేతివ్రాత కాదు, ఒప్పుకొంటాను. కాని ముసాయిదా సంఘం అధ్యక్షుడు మహాడ్ దావాలో పదేళ్ళు నలిగినవాడని తెలిశాక, ఆ జాబితా నాకు వట్టి చట్టంలా కనిపించదు. విచిత్రమేమంటే, 1946లో ఆయన రాజ్యాంగసభకు వెళ్ళింది బొంబాయి నుండి కాదు, బెంగాలు నుండి.

మన తాతలు సోలాపురానికి, బొంబాయికి మగ్గాలతో, తాపీలతో వచ్చారు; ఊరి కట్టుబాట్లనూ మూటగట్టుకొని వచ్చారు. రాజ్యాంగం అమలై పదేళ్ళు దాటాక, నా చిన్నతనంలో, మేమున్న చాల్‌లో కుళాయి దగ్గర ఒక తెలుగు కుటుంబం బిందె ఎప్పుడూ చివరనే ఉండేది. ఎందుకని మా నాయనమ్మను అడిగాను.

"వాళ్ళకు అలవాటేలేరా" అన్నది.