కొన్న ఆట ఎవరిది?

(ఉద్యోగుల తెలుగు సాంస్కృతిక సమాజము వార్షిక సభలో చదివిన ప్రసంగ పాఠము)



సొంత ఇంటికిని, ప్రభుత్వము కేటాయించిన క్వార్టరుకును గల భేదమును కేంద్ర ప్రభుత్వోద్యోగి కుటుంబమునకు ఎవరును బోధింప నక్కరలేదు. క్వార్టరులో ఇరువది యేండ్లు కాపురముండవచ్చును; పెరటిలో కరివేపాకు మొక్క నాటవచ్చును; పిల్లల పెండ్లిండ్లు అక్కడనే చేయవచ్చును. అయినను బదిలీ ఉత్తరువు వచ్చిననాడు, లేదా పదవీ విరమణానంతరము గడువు తీరిననాడు, తాళపుచెవి తిరిగి అప్పగింపవలసినదే. దీనిని అన్యాయమని ఎవరును అనరు. కేటాయింపు ఉత్తరువులోనే ఆ సంగతి వ్రాసియుండును. జీతమునుండి కోయు మొత్తము సైతము లైసెన్సు రుసుమను పేరుతోనే ఉండును. కాని ఒకడు “ఈ ఇల్లు నీకు అమ్మితిని” అని సొమ్ము పుచ్చుకొని, నెలనెలా చెల్లించు వేరొక చందా ఆగిననాడు తలుపునకు తాళము వేసినచో, దానిని ఏమనవలెను? నేడు వీడియో ఆటల విషయమున ఏర్పడిన చిక్కు ఇట్టిదే.

ఇది పిల్లల వినోదమునకు సంబంధించిన అల్ప విషయమని పెద్దలు కొందరు తలంపవచ్చును. ఆడుకొనువారు పిల్లలైనను వ్యయమగు సొమ్ము తలిదండ్రులది. పెద్ద సంస్థల కొత్త ఆట ఒక్కొక్కటి ఐదువేల రూపాయలకు అటునిటుగా అమ్ముడగుచున్నది. అదియునుగాక, ఆటలలో అలవాటైన పద్ధతి ఆటలతో ఆగునది కాదు. 2009 జూలైలో అమెజాను సంస్థ, హక్కులు లేనివారు అమ్మకమునకు పెట్టిరను కారణముచేత, జార్జి ఆర్వెల్ నవలలను వాటిని కొన్నవారి కిండిల్ యంత్రములనుండి దూరమునుండియే తొలగించెను. సొమ్ము తిరిగి ఇచ్చినను, ఆ సంస్థ అధినేత పిమ్మట క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చెను. ఇంటిలోని పుస్తకమును అమ్మినవాడు వచ్చి పట్టుకొనిపోవుట అంతకు పూర్వము ఎవరును ఊహింపని సంగతి.

పూర్వము ఆట డిస్కు రూపమున అంగడిలో దొరకెడిది. కొన్నవాడు ఆడి ముగించిన పిమ్మట మేనమామ కొడుకునకు ఇచ్చెడివాడు, లేదా సగము ధరకు అమ్ముకొనెడివాడు. అమ్మకముతోనే అమ్మినవాని అధికారము తీరిపోవుననుట పాత ధర్మము. పుస్తకమును ఒకసారి అమ్మిన పిమ్మట, దానిని మరల ఎంతకు అమ్మవలెనో శాసించు హక్కు ప్రచురణకర్తకు లేదని 1908లోనే అమెరికా సుప్రీంకోర్టు బాబ్స్ మెరిల్ సంస్థ వ్యాజ్యములో తీర్పు చెప్పినది. డిస్కులు నేటికిని దొరకుచున్నవి గాని, అంతర్జాలమునుండి ఆటను నేరుగా యంత్రములోనికి దించుకొనుట ప్రబలినది. అప్పుడు చేతికి వచ్చునది వస్తువు కాదు, వాడుకొనుటకు అనుమతి మాత్రమే. ఆ అనుమతికి ఇప్పుడు చందా తోడైనది.

ఈ చందా ఆటల క్రయముతో మూడు విధముల ముడిపడుచున్నది.

మొదటిది, కొన్న ఆటను ఇతరులతో కలసి ఆడుటకు చందా కోరుట. ప్లేస్టేషన్ 3 యంత్రముపై అంతర్జాలమున ఇతరులతో ఆడుకొనుటకు సోనీ సంస్థ రుసుము పుచ్చుకొనలేదు. 2013లో ప్లేస్టేషన్ 4 వచ్చినది మొదలు, వెల పెట్టి కొన్న ఆటలలో పెక్కింటికి ప్లేస్టేషన్ ప్లస్ చందా తప్పనిసరి యైనది. మైక్రోసాఫ్టు 2002లో ఎక్స్‌బాక్స్ లైవ్‌ను ప్రారంభించినప్పటినుండియే రుసుము గైకొనుచున్నది. నింటెండో 2018 సెప్టెంబరునుండి స్విచ్ యంత్రమునకు ఆ మార్గమునే పట్టినది. ఆ ఆటనే కంప్యూటరు కొరకు కొన్నవారికి సాధారణముగా ఇట్టి రుసుము లేదు.

రెండవది, చందాతోపాటు నెలనెలా కొన్ని ఆటలను కానుకగా ఇచ్చుట. 2010 జూన్‌లో ఆరంభమైన ప్లేస్టేషన్ ప్లస్ దీనికి పేరెన్నిక గన్న ఉదాహరణము. సభ్యుడు ఆ నెలలో స్వీకరించిన ఆట అతని పేర చేరును. కాని చందా ఆగిననాడు మూతపడును, మరల చెల్లించిననాడు తెరచుకొనును. సభ్యులకిచ్చు తగ్గింపు ధరకు వేరుగా కొనుక్కొన్న ఆటలు మాత్రము చందా ముగిసినను నిలచియుండును. ఈ రెండును ఒకే జాబితాలో పక్కపక్కన కనబడుచుండుటచే, ఏది అద్దెదో ఏది సొంతమో పిల్లవానికే తెలియదు, తండ్రికెట్లు తెలియును?

మూడవది మిక్కిలి సూక్ష్మమైనది. 2017 జూన్‌లో ఆరంభమైన ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ వంటి చందాలలో సభ్యుడు వందలాది ఆటలను ఆడవచ్చును. అట్టి ఆటకు అదనపు భాగములు వేరుగా అమ్మకమునకుండును. బాలుడు వాటిని వెల పెట్టి కొనును. కొంతకాలమునకు మూలమైన ఆట ఆ పట్టికనుండి తొలగిపోవును, లేక చందా ముగియును. అదనపు భాగము అతనిదే; దానిని పెట్టి ఆడుటకు మూలపు ఆట లేదు. వాడుకొనవలెనన్న ఆ ఆటను మరల కొనవలెను, లేక చందాను కొనసాగింపవలెను. కుండను అద్దెకిచ్చి మూతను అమ్మినట్లున్నది ఈ వ్యాపారము.

ఇక పూర్వపక్షమును న్యాయముగా వినవలెను. చందా వలన మధ్యతరగతి కుటుంబమునకు తక్కువ సొమ్ముతో ఎక్కువ ఆటలు లభించుచున్నవి. ఒక పెద్ద ఆట వెలతో కొన్ని నెలలపాటు పెక్కు ఆటలను చూడవచ్చును. నచ్చని ఆటకు వేలు పోసి విచారింప పనిలేదు. అంతర్జాలమున వేలాది మంది ఒకేసారి ఆడుటకు యంత్రాలయములను నడుపవలెను, దానికి ఖర్చుగలదు. డిటెక్టివ్ నవలలను అద్దెకిచ్చిన వీధి దుకాణమును ఎవరైన దోపిడీ యని నిందించిరా? చందా ఆపినవాడు పుస్తకము తిరిగి ఇచ్చుట న్యాయమే గదా? నిబంధనలన్నియు ముందే వ్రాసియున్నవి, అంగీకరించియే గదా చేరుచున్నారు? ఇది వ్యాపారుల వాదము. ఇందు చాల భాగము సత్యమే.

దీనికి సమాధానము ఒక్కటే. అద్దె అద్దెగా ఉన్నంతవరకు అది న్యాయము. అమ్మకము అమ్మకముగా ఉన్నంతవరకు అదియును న్యాయము. అమ్మకపు వెల పుచ్చుకొని అద్దె షరతులు విధించినచోటనే అన్యాయము పుట్టుచున్నది. అద్దె దుకాణమువాడు నవలను అద్దెకిచ్చెను గాని, దాని చివరి అధ్యాయమును వేరుగా అమ్మలేదు. సొంత డబ్బుతో కొన్న నవలను మిత్రులతో కలసి చదువుటకు నెలసరి రుసుము అడుగలేదు.

రెండవ సంగతి మరింత గంభీరమైనది. సామాన్య వ్యాపారమున పాత ఖాతాదారునకు కొంత మర్యాద ఉండును. ఈ చందాలో ఎంత పాత సభ్యుడో అంత బలమైన బంధము. ఒక ఏడాది కట్టినవాడు మానుకొన్నచో కొద్ది ఆటలు పోవును. పదేండ్లు కట్టినవాడు మానుకొన్నచో వందలకొలది ఆటలు ఒక్కసారిగా మూతపడును. ఈ స్థితిలో రుసుము పెంచినను అతడు కదలలేడు. అమెరికాలో ప్లేస్టేషన్ ప్లస్ ఏడాది చందా 2010లో 49.99 డాలర్లు, 2016లో 59.99, 2023 సెప్టెంబరులో 79.99. తొలి ధరపై ఇది సుమారు 60 శాతము అధికము. 2011లో స్వీకరించిన ఆటలో ఏమియు మారలేదు. దానిని తెరచు తాళపుచెవి వెల మాత్రము పెరిగినది.

వేరు మార్గము లేదనుట నిజము కాదు. 2013లో మైక్రోసాఫ్టు ప్రారంభించి 2023 వరకు నడపిన గేమ్స్ విత్ గోల్డ్ అను పథకమున, ఎక్స్‌బాక్స్ 360 ఆటలను స్వీకరించినవారికి చందా ముగిసినను అవి నిలచియుండెను. ఎక్స్‌బాక్స్ వన్ ఆటలు మాత్రము చందాతో ముగిసెను. ఒకే సంస్థ, ఒకే పథకమున రెండు పద్ధతులను నడపినది. కావున ఇది యంత్రము విధించిన నియమము కాదు, వ్యాపారి ఎంచుకొన్న నియమము.

మూడవ సంగతి, చందా తనంతట తాను పునరుద్ధరింపబడుట. బ్రిటన్‌లో పోటీ, విపణి వ్యవహారాల ప్రాధికార సంస్థ 2019లో ఈ చందాలపై విచారణ మొదలిడినది. ఫలితముగా 2022 జనవరిలో మైక్రోసాఫ్టు, చాలకాలముగా ఆడకయే రుసుము చెల్లించుచున్న సభ్యులకు తెలియజేయుటకును, వారు స్పందింపనిచో వసూలు ఆపుటకును అంగీకరించెను. ఆ ఏడాది ఏప్రిల్‌లో సోనీ ఇట్టి హామీయే ఇచ్చెను. నింటెండో తన చందాను స్వయం పునరుద్ధరణను ముందుగానే అమర్చి అమ్ముటను అప్పటికే మానుకొనెను. కోర్టు తీర్పు వరకు పోకయే, అడిగినవారుండుట చేతనే ఈ మేలు జరిగినది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2025 జనవరి 1 నుండి మరియొక శాసనమును అమలుపరచినది. అనుమతి మాత్రమే ఇచ్చు అంగడి, ఆ సంగతిని స్పష్టముగా తెలుపకుండ “కొనుడు” అను మాటను వాడరాదు. చందా గడువు వరకే వాడుకయని తెలియజేయు చందాలను ఆ శాసనము మినహాయించినది. అద్దెను అద్దెయని చెప్పినవానితో తగవు లేదన్న మాట. యూబీసాఫ్టు సంస్థ 2014లో విడుదల చేసిన ది క్రూ అను ఆటను 2024 మార్చి 31న మూసివేయగా, డిస్కు కొన్నవారు సైతము ఒంటరిగానైనను ఆడలేకపోయిరి. దానిపై మొదలైన ఉద్యమమునకు 2025 జూలై నాటికి ఐరోపాలో పదిలక్షలకు పైగా సంతకములు చేకూరినవి.

భారతదేశమున చట్టము మౌనముగా లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము, ఒక వస్తువును గాని సేవను గాని పొందుటకు వేరొకదానిని కొనవలెనని షరతు పెట్టుటను నిర్బంధ వ్యాపార పద్ధతులలో చేర్చినది. వినియోగదారుని హక్కులను గణనీయముగా మార్చు ఏకపక్ష షరతులను అన్యాయపు ఒప్పందములుగా నిర్వచించినది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నిషేధించిన 13 మోసపు పద్ధతులలో చందా ఉచ్చు ఒకటి. చేరుట సులభము, వదలుట దుర్లభము చేయుట దాని లక్షణము. ఆటల చందా వీనిలో దేనికి లోబడునో నిర్ణయింపవలసినవి కమిషనులు. అయితే ఒక లోపము గలదు. అన్యాయపు ఒప్పందముపై ఫిర్యాదు జిల్లా కమిషను విచారింపదు. రాష్ట్ర కమిషనుకు పోవలెను. కొన్నివందల రూపాయల చందా కొరకు రాష్ట్ర కమిషను మెట్లెక్కు తండ్రి ఎవడు? ఈ అధికారమును జిల్లా స్థాయికి దింపుట అత్యావశ్యకము.

చట్టము మారునంతవరకు గృహస్థులు చేయదగిన పనులు గలవు. 2021 అక్టోబరు 1 నుండి అమలైన రిజర్వు బ్యాంకు నియమముల ప్రకారము, కార్డునుండి పునరావృత చెల్లింపు జరుగుటకు కనీసము 24 గంటల ముందు సందేశము రావలెను. ఆ సందేశమును చదువక తుడిచివేయుట చాలమంది అలవాటు. దానిని చదువవలెను. కొనుటకు ముందు పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని మూడు ప్రశ్నలు వేయవలెను: ఇది అమ్మకమా, అద్దెయా? చందా ఆగినచో ఏది మిగులును? ఒంటరిగా ఆడుటకుగాని, నలుగురితో ఆడుటకుగాని ఇంకేమైన చెల్లింపవలెనా? సమాధానము దొరకనిచో ఆ కొనుగోలు ఒకనెల ఆగినను నష్టము లేదు. మోసమని తోచినచో జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేయవచ్చును.

పిల్లవాడు తన పుట్టినరోజు డబ్బుతో కొన్న ఆట మూతపడిననాడు కోల్పోవునది ఆట ఒక్కటియే కాదు. సొమ్మిచ్చినచో వస్తువు తనదగునను నమ్మకమును సైతము అతడు కోల్పోవును. ఆ నమ్మకముపైననే సంతబజారునుండి సముద్రవ్యాపారము వరకు సర్వము నడచుచున్నది. వ్యాపారులు లాభము గడింపవచ్చును, అద్దెకీయవచ్చును, అమ్మవచ్చును. ఇచ్చుచున్నది ఏదో దాని పేరుతోనే చెప్పుట వారి ధర్మము; చెప్పుమని అడుగుట కొనువారి ధర్మము.