పాత సెక్స్టాంటును కొనుట, కాపాడుట



సూర్యునియొక్కయు నక్షత్రములయొక్కయు ఎత్తును కొలిచి, ఓడ యెచ్చట నున్నదో నావికునకు తెలుపు చేతియంత్రము సెక్స్టాంటు. దీని చాపము వృత్తమున ఆఱవపాలు గనుక ఆ పేరు వచ్చినది. సముద్రమునకు దూరమైన మా చిరాగ్‌పల్లిలో దీనితో పని యేమని మీ రడుగవచ్చును. బడిపిల్లలు తమ యూరి అక్షాంశమును తామే కొలిచి తెలిసికొనవలెనని గ్రామస్థులు చందాలు వేసి నా చేతి కిచ్చిరి.

నగరమున నొక యంగడిలో బంగారమువలె మెఱయు పాతయంత్రమును కొంటిని. చలికాలమున మిట్టమధ్యాహ్నము పళ్లెములో నల్లని నూనె పోసి, అందలి ప్రతిబింబమును పైనున్న సూర్యునితో కలిపి, వచ్చిన కోణమును సగము చేసి లెక్కించితిమి. మా యూరు 25 కళలు, అనగా 46 కిలోమీటర్లు, తాండూరు వైపునకు జరిగిపోయెను! పిల్లలు నవ్విరి, చందా లిచ్చినవారు నవ్వలేదు.

దోష మా మెఱుగులోనే యున్నది. తోమితోమి చాపముపై గీతల నరుగదీసిరి, చట్రము వంగియుండెను. మన దేశమును కొలిచిన లాంబ్టను దొర 1808లో తంజావూరి గోపురముపై కెక్కించుచుండగా పెద్ద థియొడొలైటు దెబ్బతినెను. వంగిన దాని చక్రమును ఆయన ఆఱువారములు శ్రమించి స్వయముగా సరిచేసెను. మన మందఱము లాంబ్టనులము కాము, వంగినదానిని కొనరాదు.

కొనుటకు ముందు చేయి చాపముపై తడబడక నడచునేమో చూడుడు. సున్నకు నిలిపి, రెండు కిలోమీటర్ల కావలి గోపురమును చూడుడు. రెండు బింబములు ఒకటి కానిచో, అగువఱకు త్రిప్పి అంకెను చదువుడు. అది సున్నకు లోపలివైపున నున్న తీసివేయవలెను, వెలుపలివైపున నున్న కలుపవలెను. అద్దము వాలినచో మరలతో సవరింపవచ్చును. అద్దపుపూత పోయినచో మరల వేయింపవచ్చును. ప్లాస్టికు యంత్రము చౌక; కాని వేడికి మాఱును గనుక ప్రతి కొలతకు ముందు పరీక్ష యవసరము.

చట్రమును పట్టియే యెత్తుడు. చేతిని, చాపమును పట్టరాదు. మంచినీటితో తడిపిన మెత్తనిగుడ్డతో తుడిచి ఆరబెట్టుడు. చాపమునకు మెఱుగుపొడి తగులనీయకుడు. పండ్లకు పలుచని నూనెచుక్క చాలును. ఎండ తగులని చోట పెట్టెలో నుంచుడు. నల్లద్దములు అడ్డువేయక సూర్యుని చూడనే కూడదు.

పిమ్మట నా సొమ్ముతో మసిబారిన యంత్రమొకటి కొంటిని. దానికి రెండు కళల తప్పు కలదు. పిల్లలు దానిని తీసివేసి లెక్కింతురు. ఊరు ఊరిలోనే నిలిచినది. తెలిసిన తప్పును తీసివేయవచ్చును. మెఱుగు మాటున దాగిన తప్పే ముంచును.