చట్టసభలో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి: బడి, ఆచారం, మాన్యం

చట్టసభలలో విద్యను గురించిన చర్చ ఎక్కువగా పద్దుల చుట్టూ, సంఘ దురాచారాలను గురించిన చర్చ ఎక్కువగా ధర్మాధర్మాల చుట్టూ తిరుగుతుంటుంది. ఈ రెండూ వేరు వేరు విషయాలు కావనీ, ఆడపిల్ల బడికి రాకపోవడానికీ ఆమె బతుకు ఆచారానికి బలికావడానికీ మూలాలు ఒక్కచోటనే ఉన్నాయనీ సభాముఖంగా నిలకడతో వాదించినవారు కొద్దిమందే. వారిలో మొదట చెప్పుకోవలసిన వ్యక్తి మద్రాసు శాసనమండలి సభ్యురాలు డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి. కోస్తా ఆంధ్ర, రాయలసీమ జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలో భాగాలు కనుక దేవదాసీ మాన్యాలపై ఆమె సాధించిన శాసనం తెలుగునాట గుడి మాన్యాలకు, దేవదాసీ వృత్తిలోని కళావంతుల కుటుంబాలకు కూడా వర్తించింది. ఆ కారణంగా ఆమె శాసనసభా జీవితం తెలుగువారి సాంఘిక చరిత్రలోనూ ఒక అధ్యాయమే.

ఆమె 1886 జూలై 30న పుదుక్కోట్టై సంస్థానంలో జన్మించారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ అక్కడి మహారాజా కళాశాలకు ప్రిన్సిపాల్. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబానికి చెందినవారు. మగపిల్లలకే పరిమితమైన ఆ కళాశాలలో సంస్థానాధీశుని అనుమతితో చేరి చదివిన ముత్తులక్ష్మి, 1912లో మద్రాసు వైద్య కళాశాల నుంచి పట్టా పొందారు. 1914లో డాక్టర్ సుందర రెడ్డిని వివాహమాడారు. తల్లి కుటుంబం వల్ల ఆచారం బరువు ఎంతటిదో ఆమెకు తెలుసు, వైద్యవృత్తి వల్ల ఆ బరువు శరీరం మీద ఎలా పడుతుందో తెలుసు; సభలో ఆమె వాదానికి పదును తెచ్చింది ఈ రెండు తెలివిడులే.

మద్రాసు రాజధానిలో స్త్రీలకు 1921లోనే ఓటుహక్కు లభించినా సభ్యత్వానికి అర్హత 1926లో గాని రాలేదు. ఆ ఏట జరిగిన ఎన్నికలలో పోటీచేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ స్వల్ప తేడాతో ఓడిపోయారు. అనంతరం ప్రభుత్వం ముత్తులక్ష్మి రెడ్డిని నామినేట్ చేయగా, సభ ఆమెను ఏకగ్రీవంగా ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకున్నది. నామినేటెడ్ సభ్యులకు నియోజకవర్గం ఉండదు, పార్టీ బలం ఉండదు. మాట ఒక్కటే ఆధారం. పైగా నాటిది ద్వంద్వ ప్రభుత్వం. అంటే 1919 నాటి చట్టం ప్రకారం విద్య, ప్రజారోగ్యం, స్థానిక స్వపరిపాలన వంటి శాఖలు సభకు జవాబుదారీ అయిన మంత్రుల చేతిలోను, ఆర్థికం, భూమిశిస్తు, పోలీసు వంటివి గవర్నరు కార్యనిర్వాహక మండలి చేతిలోను ఉండేవి. బడులను గురించి అడగవలసింది మంత్రిని, బడులకు డబ్బు తేవలసింది మరొకచోటి నుంచి! ఆ సభలో తీర్మానం నెగ్గితే అది ప్రభుత్వానికి సిఫారసు మాత్రమే. బిల్లు నెగ్గి ఆమోదముద్ర పడితేనే శాసనం. ముత్తులక్ష్మి రెడ్డి ఈ తేడాను బాగా గుర్తెరిగి, ముందు తీర్మానంతో సభాభిప్రాయాన్ని కూడగట్టి, తరువాత బిల్లు తెచ్చే పద్ధతిని పాటించారు.

విద్యపై ఆమె ప్రసంగాలు వైద్యురాలి ప్రసంగాలు. పేద బాలికలకు బడి జీతాల నుంచి మినహాయింపు కావాలనీ, బడిపిల్లలందరికీ వైద్యపరీక్షలు జరగాలనీ, స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేక వైద్య వసతులు ఉండాలనీ ఆమె కోరారు. రోగం ముదిరిన పిల్లకు పాఠం ఎక్కదని, పదమూడేళ్లకే కాన్పుకు సిద్ధం కావలసిన పిల్లకు బడి తలుపు ఎంత తెరిచినా లాభం లేదని తెలిసిన వైద్యురాలు వివాహవయసును విద్యాసమస్యగా చూడడంలో వింత లేదు. బాలికలకు పదహారు, బాలురకు ఇరవై ఒకటి కనీస వివాహవయసుగా ఉండాలని ఆమె వాదించారు. 1929లో వచ్చిన శారదా చట్టం పద్నాలుగు, పద్దెనిమిదేళ్ల దగ్గరనే ఆగిపోయింది.

ఆమె పేరు నిలబెట్టినది మాత్రం దేవదాసీ సమస్య. ఈ ఆచారాన్ని నిరసించడం ఆమెతో మొదలు కాలేదు. తెలుగునాట కందుకూరి వీరేశలింగం భోగం మేళాలను దుయ్యబట్టారు. రఘుపతి వెంకటరత్నం నాయుడు అదే ఉద్యమాన్ని శీలశుద్ధి పేరిట కొనసాగించారు. కళావంతుల కుటుంబం నుంచే వచ్చిన యామినీ పూర్ణతిలకమ్మ తన కులం ఆడపిల్లల కోసం పాటుపడ్డారు. అయితే పూర్వ సంస్కర్తల దృష్టి ఎక్కువగా మేళాలు పెట్టించే పెద్దమనుషుల నడవడి మీద నిలవగా, ముత్తులక్ష్మి రెడ్డి దృష్టి భూమి మీద పడింది. అసలు విశేషం ఇదే. గుడిలో సేవకు ప్రతిఫలంగా దేవదాసీ కుటుంబం అనుభవించే భూమిని, లేదా భూమి మీది శిస్తు హక్కును మాన్యం, ఇనాం అంటారు. ఆ అనుభవం సేవ సాగినంతవరకే. తల్లి వయసు మీరేనాటికి కూతురునో, దత్తత తీసుకున్న పిల్లనో గుడికి సమర్పించకపోతే భూమి చేజారిపోతుంది. కనుక చిన్నపిల్ల మెడలో పొట్టు, అంటే దేవుడి పేరిట తాళి, కట్టించేది భక్తి ఒక్కటే కాదు, కుటుంబాన్ని పోషించే పొలం కూడా. ఆ పొలాన్ని సేవ నుంచి విడదీయనంతకాలం ఎన్ని నీతిబోధలు చేసినా ఆచారం ఆగదు.

1927 నవంబరులో ఆమె ప్రవేశపెట్టిన తీర్మానం ఆలయాలకు బాలికలను సమర్పించే పద్ధతిని ఆపవలసిందిగా ప్రభుత్వాన్ని కోరింది. అనంతరం 1929లో, ఆమె తెచ్చిన బిల్లు ఫలితంగా, హిందూ దేవదాయ చట్టానికి సవరణ వచ్చింది. దాని సారాంశం ఇనాం విముక్తి: సేవ చేయాలన్న షరతు తొలగిపోతుంది, భూమి ఆ స్త్రీకే దక్కుతుంది, గుడికి చెందవలసినది నిర్ణీత మొత్తంగా మారుతుంది. శిక్షించే చట్టానికన్నా ముందు జీవనాధారాన్ని కాపాడే చట్టం రావడం శాసన నిర్మాణంలో ఎంతో వివేకవంతమైన వరుస. సాంఘిక శాసనాలు రాసేవారందరూ శ్రద్ధగా పరిశీలించదగిన వరుస.

దీనికి ఎదురైన విమర్శ అంతా ఛాందసుల నుంచే వచ్చిందనుకోవడం చరిత్రకు అన్యాయం. సభలో కాంగ్రెస్ నాయకుడు సత్యమూర్తి వంటివారు సంప్రదాయం పేరిట అభ్యంతరం చెప్పిన మాట నిజం. కాని సభ వెలుపల బెంగుళూరు నాగరత్నమ్మ మొదలైన దేవదాసీ స్త్రీలు సంఘంగా ఏర్పడి ప్రభుత్వానికి విన్నవించుకున్నది వేరు. 1910లో ముద్దుపళని కావ్యం రాధికాసాంత్వనాన్ని పరిష్కరించి ప్రచురించిన ఈ విదుషీమణి, తమను వ్యభిచార వృత్తితో ఒకే గాటన కట్టడం తప్పనీ, సంగీత సాహిత్య నాట్యాలు తమ కులవిద్యలనీ వాదించారు. ఇతర హిందూ స్త్రీలకు ఆస్తిహక్కు అరుదైన కాలంలో, కూతురిని దత్తత తీసుకునే హక్కు, తల్లి నుంచి కూతురికి ఆస్తి సంక్రమించే ఆనవాయితీ దేవదాసీలకు ఉండేవి. ఈ వాదాన్ని తగినంత ఓపికతో వినకపోవడం సంస్కరణోద్యమం చేసిన లోపమే. భూమికి రక్షణ దొరికింది గాని విద్యకు, విద్వత్తుకు గౌరవం దొరకలేదు. అనంతరకాలంలో ఆ నాట్యం అగ్రవర్ణాల వేదికలెక్కి గౌరవం పొందగా, దానిని తరతరాలుగా కాపాడిన స్త్రీలు మరుగున పడ్డారు.

ఇదే కాలంలో విద్యపై ఆమె కృషి సభ వెలుపల కూడా సాగింది: విద్యాస్థితిని పరిశీలించడానికి సైమన్ కమిషన్‌కు అనుబంధంగా ఏర్పడిన హార్టాగ్ సంఘంలో ఆమె ఏకైక మహిళా సభ్యురాలు. 1929లో వెలువడిన ఆ సంఘం నివేదిక ప్రాథమిక విద్యలోని రెండు రోగాలను పేర్కొన్నది: చదువు పూర్తికాకముందే పిల్లలు బడి మానేయడం ఒకటి, ఒకే తరగతిలో ఏళ్ల తరబడి ఉండిపోవడం రెండవది. 1922–23లో ఒకటవ తరగతిలో ఉన్న ప్రతి నూరుమందిలో 1925–26 నాటికి నాలుగవ తరగతిలో కనిపించినవారు 18 మందే. విస్తరణకన్నా నాణ్యతకు పెద్దపీట వేసిన ఈ నివేదిక బడుల వ్యాప్తికి అడ్డుపడుతుందని జాతీయవాదులు చేసిన విమర్శ సరైనదే. కాని విద్యావిస్తరణ పథకాలన్నింటిలో బాలికల విద్యకు ప్రాధాన్యం ఇవ్వాలని అది స్పష్టంగా చెప్పడం మరువరానిది.

1930లో ఆమె మరొక బిల్లుతో బాలికల సమర్పణనే నేరంగా ప్రకటించాలని తలపెట్టారు. అది చట్టం కాకముందే మే నెలలో గాంధీజీ అరెస్టయ్యారు. నిరసనగా ఆమె సభ్యత్వానికి రాజీనామా చేశారు. ఆ మూడేళ్ల అనుభవాన్ని శాసనసభ్యురాలిగా తన అనుభవాలు అన్న అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో పుస్తకంగా ప్రచురించారు. దేవదాసీ కుటుంబాల బాలికలు చదువుకుందామన్నా వసతి దొరకని స్థితిలో వారి కోసం అవ్వై ఇల్లం స్థాపించారు. సమర్పణ నిషేధ చట్టం మద్రాసులో 1947లో గాని రాలేదు. అప్పటికి నిజాం పాలనలో ఉన్న తెలంగాణకు అది వర్తించలేదు. జోగిని, బసివి, మాతమ్మ వంటి పేర్లతో సాగే ఆచారాలను కలుపుకొని ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రత్యేక చట్టం చేసింది 1988లో. చట్టం వచ్చిన తరువాత కూడా దళిత కుటుంబాల బాలికలు జోగినులు కావడానికి కారణం భూమి లేకపోవడమే; వారి విషయంలో విముక్తి చేయవలసిన ఇనాం లేదు, ఇవ్వవలసిన భూమి ఉంది. 1929 నాటి సవరణలోని వివేకాన్ని ఆ మేరకు ముందుకు తీసుకుపోవలసిన బాధ్యత రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభ్యులది.

1927 నుంచి 1930 వరకు మద్రాసు శాసనమండలిలో బాలికల విద్య, వివాహవయసు, దేవదాసీ వ్యవస్థలపై జరిగిన చర్చలను, నాగరత్నమ్మ పక్షం సమర్పించిన విన్నపాలతో కలిపి, మంచి తెలుగులో ప్రచురించే పనిని విశ్వవిద్యాలయాలు, శాసనసభా గ్రంథాలయాలు చేపట్టాలి; కొత్తగా ఎన్నికైన ప్రతి శాసనసభ్యునికి, శాసనసభ్యురాలికి ఆ సంపుటం అందాలి.