ఫీజు పోతే బడి నిండుతది, మరి ఆ తర్వాత?



నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నం. కానీ నియామకం దాకా పోవాలంటే ముందు పదో తరగతి, ఇంటర్ దాటాలె. పేదింటి పిల్లలు ఆగిపోయేది ఆడనే. అందుకే ఇయ్యాల ఆఫ్రికాలోని ఘనా ముచ్చట చెప్పుకుందాం.

అక్కడ 2008లో పరిశోధకులు 2,064 మంది పిల్లల్ని తీసుకున్నరు. అందరు పరీక్ష పాసై హైస్కూల్ల సీటొచ్చినోళ్లే. ఫీజు కట్టలేక ఇంటికాడ ఆగినోళ్లు. లాటరీ తీసి 682 మందికి స్కాలర్‌షిప్ ఇచ్చిండ్రు. ఏండ్ల తరబడి అందరి వివరాలు రాసుకున్నరు. స్కాలర్‌షిప్ దొరికినోళ్లల్ల చదువు పూర్తి చేసినోళ్లు, దొరకనోళ్లకన్న నూటికి 26 మంది ఎక్కువ తేలిండ్రు. ఆడపిల్లలు తల్లులయ్యే వయసు కూడ వెనుకకు జరిగింది. అంటే ఆ పిల్లలు ఆగింది తెలివి లేక కాదు, పైసల్లేక.

2017 సెప్టెంబర్‌ల ఘనా ప్రభుత్వం కొత్తగ చేరే పిల్లలతోని మొదలుపెట్టి హైస్కూలు ఫీజులు రద్దు చేసింది. హాస్టలు, తిండి, పుస్తకాల ఖర్చు కూడ తనే పెట్టుకున్నది. పిల్లలు పోటెత్తిండ్రు. గదులు సాలలేదు. 2018ల వంతులు పెట్టవలసి వచ్చింది. ఒక గుంపు బడిల ఉంటే ఇంకో గుంపు ఇంట్ల.

ఇందుల మనకు రెండు పాఠాలున్నయి. ఫీజు రద్దు ఒక్క జీవోతోని అయితది. గదులు, టీచర్లు మాత్రం బడ్జెట్ల పైసలు పెడితెనే వస్తయి. ఒకటి చేసి రెండోది మరిస్తే బడి నిండుతది గని చదువు నిండదు.

మన దగ్గర చూడుండ్రి. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏండ్ల దాకనే. ఎనిమిదో తరగతితోని హక్కు ఆగింది. సర్కారు జూనియర్ కాలేజీల 2015-16 నుంచి ఫీజు లేదు. మంచిదే. కానీ బస్సు కిరాయి ఎవరిస్తరు? పిల్లగాడు కూలికి పోతే వచ్చే పైసలు ఇంటికి ఎట్ల వస్తయి? ఈ బాధ తెలిసినందుకే 1971ల సర్వేలుల గురుకులం పెట్టి చదువుతోపాటు బువ్వ, పడక ఇచ్చిండ్రు.

అందుకే మనం అడుగుతున్నం. ఇంటర్ దాక చదువు హక్కు కావాలె. ఖాళీలు నింపాలె. గదులు కట్టాలె. 1969ల బడులు, కాలేజీలు విడిచి రోడ్డెక్కిన విద్యార్థుల రుణం మనం తీర్చుకునేది గిట్లనే.

జై తెలంగాణ!