పరుగెత్తిన కాందిశీకుడు

(బోగోలు సంఘములో యువజనుల ఆదివారమున చేసిన ప్రసంగ పాఠము)



కాందిశీకులు అనే మాట ఈనాటి పిల్లలకు కొత్త. మన తాతల కాలమువారికి కాదు. 1941 డిసెంబరులో రంగూనుపై జపాను బాంబులు పడగా, అక్కడ బ్రతుకుతెరువు చూచుకొన్న తెలుగువారు ఎందరో అరకాను కొండల వెంట, అస్సాము అడవుల వెంట కాలినడకను బయలుదేరినారు. దారిలో పోయినవారు పోగా, మిగిలినవారు కట్టుబట్టలతో ఇల్లు చేరినారు. ఎంత కష్టమైనా వారు వచ్చినది తమవారి దగ్గరకే. వెనుక ఇల్లు లేక, ముందు తెలిసిన ఊరు లేక వచ్చిన ఒక కుర్రవాని సంగతి ఈ ఉదయము చెప్పదలచినాము. అతడు క్రైస్తవుడు కాడు, సిక్కు. మంచి సమరయుని మాట చెప్పిన ప్రభువు ఇందుకు మనలను తప్పుపట్టడని మా నమ్మకము.

మిల్ఖాసింగు పేరు పెద్దలు విన్నదే. 2013లో వచ్చిన సినిమా వలన పిల్లలకు కూడ తెలిసినది. కాని ఆ పరుగుకు మొదటి గీత గీసినది మన సికిందరాబాదులోనని ఎందరికి తెలుసు?

అతని ఊరు గోవిందపుర. ఇప్పుడది పాకిస్తానులో ఉన్నది. 1947లో దేశము రెండుగా చీలినప్పుడు ఆ కుర్రవాని తల్లిదండ్రులను చంపినారు. అతడు తప్పించుకొని, రైలులో దాగి, ఢిల్లీ చేరినాడు. పురానా ఖిల్లాలో కాందిశీకుల శిబిరము, ఆ తరువాత తోడబుట్టినామె ఇంట కొంతకాలము. టిక్కెట్టు లేకుండా రైలెక్కినందుకు జైలులో వేసినారు. ఆమె తన నగలమ్మి విడిపించుకొన్నది. ఒక దశలో బందిపోటునై పోదామని అనుకొన్నానని ఆయనే తరువాత చెప్పినాడు. అన్న వద్దని చెప్పి పట్టాళము దారి చూపినాడు. అక్కడ మూడుసార్లు పనికిరావన్నారు. నాల్గవసారి, 1951లో, తీసుకొన్నారు.

పంపినది సికిందరాబాదులోని ఇ.ఎం.ఇ. సెంటరుకు. అది యంత్రములు బాగుచేసే సైనికులకు శిక్షణ యిచ్చే చోటు. భాష తెలియదు, మనుష్యులు తెలియదు. కొత్తగా చేరినవారందరు ఆరు మైళ్లు పరుగెత్తవలెనని ఉత్తరువు వచ్చినది. ముందు వచ్చిన పదిమందికి పరుగులో ప్రత్యేక శిక్షణ, రోజూ అదనముగా ఒక గ్లాసు పాలు. కొంతదూరము పోయిన తరువాత కడుపులో పట్టివేసి మిల్ఖా కూర్చుండిపోయినాడు. మరల లేచినాడు. ఆరవవాడుగా వచ్చినాడు.

ఆ పాల గ్లాసు కోసమే పరుగెత్తినానని ఆయన దాచకుండా చెప్పుకొన్నాడు. కొందరు దీనికి నవ్వుతారు. శిబిరములో ఆకలి చూచినవానికి అది నవ్వే సంగతి కాదు. మరియొకనాడు నాలుగు వందల మీటర్ల పందెము పెడితే, మైదానము చుట్టూ ఎన్ని చుట్లని అడిగినాడట. ఒక్కటే అన్నారు. ఒక్కటేనా అని ఆశ్చర్యపడినాడట.

సంఘస్థులారా, ఇక్కడ మేము కొంచెము ఆగుతాము. ఆ కాళ్లు ఢిల్లీ శిబిరములో ఉన్నప్పుడును అతనివే. అక్కడ కూడ అదే గుండె, అదే ఊపిరి. కాని అక్కడ ఎవరు పరుగెత్తించినారు? సికిందరాబాదులో ఎవరి కొడుకువని అడిగి పేర్లు వ్రాయలేదు. గీత దాటిన వరుసనే వ్రాసినారు.

తరువాతి సంగతులు మీకు తెలిసినవే. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో ఓడిపోయినాడు. 1958లో టోక్యో ఆసియా క్రీడలలో రెండు బంగారు పతకములు, అదే ఏడు కార్డిఫులో కామన్వెల్తు బంగారము. 1960లో లాహోరుకు పిలుపు వచ్చినది. తలిదండ్రులను పోగొట్టుకొన్న నేల మీద నేను పరుగెత్తనన్నాడు. నెహ్రూగారు నచ్చజెప్పగా వెళ్లినాడు, అక్కడి ప్రఖ్యాత పరుగువీరుడు అబ్దుల్ ఖాలిక్‌ను గెలిచినాడు. ఎగిరే సిక్కు అనే బిరుదు ఇచ్చినది పాకిస్తాను అధ్యక్షుడు ఆయూబ్ ఖాన్. అదే సంవత్సరము రోములో సెకనులో పదోవంతు తేడాతో నాల్గవవాడైనాడు. మధ్యలో వేగము తగ్గించి పొరపాటు చేసినానని, ప్రక్కవారిని చూచినానని జీవితాంతము బాధపడినాడు. వెనుదిరిగి చూచుట అనగానే బోధకులము లోతు భార్య దగ్గరకు పరుగెత్తుతాము, నేడు వెళ్లము. ఆ ఓడిన పరుగే మన దేశములో 1998 వరకు ఎవరును దాటలేని రికార్డు. ఆయన 2021 జూన్ 18న కరోనా వలన కన్నుమూసినాడు.

మన గ్రంథములో యోసేపు పదునేడేండ్లవాడై పరదేశమునకు పోయినాడు. చెరసాలలో అతని ప్రతిభను కండ్లార చూచినవాడు పానదాయకుల అధిపతి. బయటికి రాగానే మరచినాడు. రెండు సంవత్సరములు. అతడు చెడ్డవాడని ఎక్కడను వ్రాయబడలేదు, మరచిపోయినాడని మాత్రమే ఉన్నది. బోధకులముగా ఆ మాట మీద ఎన్నోసార్లు ప్రసంగించినాము. మా మీద పడిన దినము ఒకటున్నది, అది కూడ మీ యెదుట చెప్పవలెను.

కొన్నియేండ్ల క్రిందట మన సండేస్కూలు ఆటల పోటీలు జరిగినవి. జువ్వలదిన్నె వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలాకు పైరాష్ట్రమునుండి వచ్చిన ఒక కుటుంబము ఆ రోజులలో మన గుడిలో వెనుక వరుసను కూర్చుండేది. పాటలు రావు, భాష రాదు. వారి పిల్లవాడు పన్నెండేండ్లవాడు. పరుగుపందెము మొదలు కాగానే, గీతకు బయట, చెప్పులు లేకుండ, మన పిల్లల ప్రక్కనే పరుగెత్తినాడు. అందరికంటె ముందు చేరినాడు. ఎంత ముందు అంటే, చూచినవారు ఇప్పటికిని చెప్పుకొంటారు.

మొదటి బహుమానము స్టీలు గ్లాసు. ఇతనికి ఇద్దామా అని టీచరమ్మ మమ్మును అడిగింది. రిజిస్టరులో పేరు లేదు గదా, ఉన్నవారిలో ముందువచ్చినవానికే ఇవ్వండి, వచ్చే యేడు చూద్దామని చెప్పినాము. మాకు ఆ క్షణమున అది న్యాయముగానే తోచినది. పిల్లవాడు గ్లాసు వంక చూచి, తల్లి దగ్గరకు వెళ్లి నిలుచున్నాడు.

పట్టుబడి అయిపోగానే గుంట ఎండగట్టినారు. కాపలా కుటుంబమును వెళ్లిపోయినది. ఏ ఊరో ఎవరికిని చెప్పలేదు. మేము వాకబు చేయబోయినాము. పేరేమని అడిగినారు. మేము ఆ పిల్లవాని పేరు అడిగి ఉండలేదు.