గడప దగ్గర ఆగిపోతున్న ప్రతిభ

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



డెబ్భై ఐదేళ్ళ పండుగనాడు పాత జ్ఞాపకాలు చెప్పుకోవడం ఆచారం. ఆ పని నాకంటె చక్కగా చేయగల పెద్దలు వేదికమీద ఉన్నారు. ఈ బడి దాటి వెళ్ళిన పిల్లలకు ఆ తరువాత అడ్డుపడే ఒక గడపను గురించి మాత్రం నేను మనవి చేస్తాను.

ఈనాడు విశ్వవిద్యాలయాలు పట్టాలివ్వడంతో సరిపెట్టుకోవడం లేదు. సొంతంగా పరిశ్రమ పెట్టదలచిన విద్యార్థికి చోటు, సలహా, పరికరాలు, తొలి పెట్టుబడి సమకూర్చే కేంద్రాలను నెలకొల్పుతున్నాయి. వాటిని ఇంక్యుబేషన్ కేంద్రాలంటున్నారు. గ్రుడ్డును పొదిగినట్లు ఆలోచనను పొదిగే చోటన్నమాట. హైదరాబాదులో 2015లో ట్రిపుల్ ఐటీ ఆవరణలో టీ-హబ్, 2018లో స్త్రీల కోసం వీ-హబ్ వెలిశాయి. సంతోషమే. అయితే ఆ పొదుగుకు ఎవరి ఆలోచనలు చేరుతున్నాయన్నదే నా ప్రశ్న.

ఒక తప్పు ఒప్పుకుంటాను. కొన్నేళ్ళ క్రితం ఒక విద్యాసంస్థలో ఇటువంటి ఎంపిక సంఘంలో నేనూ ఒక సభ్యుణ్ణి. ఇంట్లో జీన్సు కుట్టే కుటుంబం నుండి ఒక అమ్మాయి వచ్చింది. కత్తిరింపులో మిగిలిపోయే గుడ్డతో ఏమేమి చేయవచ్చునో తెలుగూ కన్నడమూ కలిపి చెప్పబోయింది. మేము ఇంగ్లీషులో ప్రణాళిక అడిగాము. ఆమె తలవంచుకుంది. మార్కులు వేసి తరువాతివారిని పిలిచాము. ఆ సాయంత్రం ఇంటికి వెళుతూ ఉంటే, పదేళ్ళ అనుభవంతో మాట్లాడినది ఆ గదిలో ఆమె ఒక్కతేనన్న సంగతి నాకు తట్టింది. అప్పటికి ఆలస్యమైంది.

మన బళ్ళారిలో జీన్సు పరిశ్రమ ఏ విశ్వవిద్యాలయంలోనూ పుట్టలేదు. దర్జీల ఇళ్ళలో, చిన్న చిన్న యూనిట్లలో, జాబ్ వర్కు మీద పెరిగింది. సండూరు లంబాణీ స్త్రీల కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడి కుశల కళా కేంద్రం ఆ పనిని ఊరి ఎల్లలు దాటించింది. విద్య రాకముందే ఇక్కడ వృత్తి ఉన్నది, వ్యాపారజ్ఞానం ఉన్నది. కొరవడినది వాటిని గుర్తించే కన్ను.

సరిహద్దు జిల్లా కనుక మనకు మరొక చిక్కు ఉన్నది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి; బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. నాటినుండి మన పిల్లవాడు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, దరఖాస్తులో ఇంగ్లీషు మోస్తున్నాడు. మూడు భాషలు తెలిసినవాణ్ణి ఒక భాష సరిగా రాదని వెనక్కు పంపుతున్నాము! 371-జె అధికరణం ఈ ప్రాంతానికి సీట్లలో, ఉద్యోగాలలో మేలు చేసింది. కాని పరిశ్రమ పెట్టాలనుకునే విద్యార్థికి అసలు పరీక్ష సీటు దొరికిన తరువాతనే మొదలవుతుంది.

పథకాలు లేవా అంటే, వచ్చాయి. 2016లో వచ్చిన స్టాండప్ ఇండియా పథకం, ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక షెడ్యూల్డు కులం లేక తెగవారికీ, ఒక మహిళకూ పది లక్షల నుండి కోటి రూపాయల వరకు అప్పు ఇవ్వాలన్నది. 2020లో కళాశాలల ఇంక్యుబేషన్ కేంద్రాలలోని షెడ్యూల్డు కులాల యువతకోసం అంబేద్కర్ పేరిట ఒక కార్యక్రమం ప్రారంభమయింది. అయితే ఏ పథకమైనా చివరకు ఒక బల్ల దగ్గరికే రావాలి. బల్లకు ఇవతల కూర్చున్నవారు వినకపోతే కాగితం కాగితంగానే మిగులుతుంది.

వినడమంటే ఏమిటో బంగ్లాదేశ్ చూపింది. 1976లో చిట్టగాంగు విశ్వవిద్యాలయపు అర్థశాస్త్ర ఆచార్యుడు మహమ్మద్ యూనస్ ఆవరణ పక్కనే ఉన్న జోబ్రా గ్రామానికి నడిచి వెళ్ళాడు. వెదురు పీటలు అల్లే స్త్రీలు వెదురు కొనడానికి చేసిన అప్పులో చిక్కుకున్నారని తెలుసుకున్నాడు. నలభై ఇద్దరికి కలిపి కావలసినది ఇరవై ఏడు డాలర్లు! అది తన జేబునుండి ఇచ్చాడు. తరువాత బ్యాంకుకు తానే పూచీ నిలిచాడు. గ్రామీణ బ్యాంకుకు అదే తొలి అడుగు. సూక్ష్మరుణాలమీద తరువాత విమర్శలూ వచ్చాయి. అయినా విశ్వవిద్యాలయం తన ప్రహరీగోడ దాటి నడవవచ్చునన్న పాఠం చెరిగిపోలేదు.

విజ్ఞులు అనుమతిస్తే నాలుగు సూచనలు చేస్తాను. మొదటిది, ఆలోచనను మాతృభాషలో వినాలి. ఇంగ్లీషు పత్రం తరువాత తయారుచేయించవచ్చు. రెండవది, కూలి మానుకుని శిక్షణకు వచ్చే విద్యార్థికి ఆ నెలల భత్యం ఇవ్వాలి. పస్తుండి ఎవరూ పరిశ్రమ కట్టలేరు. మూడవది, ఎంపిక సంఘంలో ఆచార్యులతో పాటు ఒక దర్జీ మేస్త్రీని, ఒక చేతిపని సంఘపు స్త్రీని కూర్చోబెట్టాలి. నాలుగవది, ఎవరు అడిగారు, ఎవరికి దక్కింది అన్న లెక్కను ఏటేటా ప్రకటించాలి. లెక్క లేనిచోట దయ ఉండవచ్చును గాని న్యాయం ఉండదు.

అర్హతను తగ్గిస్తున్నామని కొందరు సందేహించవచ్చు. తగ్గించమనడం లేదు, సరిగా కొలవమంటున్నాను. తూకపురాయి తప్పయితే సరుకు తప్పెట్లా అవుతుంది?

మన నగరపు విశ్వవిద్యాలయం 2010లో శ్రీకృష్ణదేవరాయల పేరుతో ఏర్పడింది. ఆ రాయలే ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో, రాజు రేవులను వృద్ధిచేసి దూరదేశపు వర్తకులను ఆదరించాలని చెప్పాడు. దూరపువారికి తలుపు తీయమన్న ఆ ప్రభువు పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్ళో, పక్కవీధి బిడ్డ గడప దగ్గర ఆగిపోరాదు.

పూర్వ విద్యార్థులకు చివరి మాట. మనలో బ్యాంకులలో, కళాశాలలలో, వ్యాపారాలలో స్థిరపడినవారున్నారు. ఈ బడి పిల్లలలో ఏటా ఒక్కరికి తోడుగా ఆ గడప వరకు నడవండి. తల్లిదండ్రులారా, మీ చేతిలోని పనిని చిన్నచూపు చూడకండి. దానిని బిడ్డకు చెప్పండి. ఆనాడు నేను వినలేకపోయిన ఆ మాటను మీరైనా వింటారని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను.