పంచాయతీ పనికి ఏ ఫోను?



రామగుండం, గోదావరిఖని పరిసర గ్రామములలో మేము పర్యటించునపుడు తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి గలదు. "రెండు ఫోనులకును ర్యామ్ ఒక్కటే. ఒకటి పరుగెత్తును, రెండవది చతికిలబడును. ఏల?"

ఇది వేడుక ప్రశ్న కాదు. వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా ఉపాధి హామీ పనులన్నిటను, దినమునకు రెండు ఛాయాచిత్రములతో హాజరును ఫోనులోనే నమోదు చేయవలెనని 2023 జనవరి 1 నుండి కేంద్ర ప్రభుత్వము విధించినది. మేటు చేతిలోని ఫోను మొరాయించినచో చిక్కులో పడినది కూలివాని దినకూలియే.

ర్యామ్ ఒక్కటే అయినను, లోపలి నిల్వ వేరుగా నుండవచ్చును. చౌక ఫోనులలోని ఇఎమ్ఎమ్‌సి నిల్వ ఒకమారు చదువుటయో, వ్రాయుటయో చేయును. యుఎఫ్‌ఎస్ నిల్వ రెండును కలిపి చేయగలదు. ఇక నిర్వహణ వ్యవస్థ సంగతి. ఐఫోనుకు యంత్రమును, వ్యవస్థను ఒక్క ఆపిల్ సంస్థయే రూపొందించును. ఆండ్రాయిడ్ అనేక సంస్థల ఫోనులపై నడచును. ఒక్కొక్కరు తమ హంగులు చేర్చుదురు. కావున ఐఫోను ర్యామ్ అంకెను ఆండ్రాయిడ్ అంకెతో సరిచూచుట వృథా. మనకు కావలసిన యాప్ ఆ వ్యవస్థపై లభించునా యని ముందుగా విచారింపుడు.

అయితే మన ప్రాంతమున అసలు పరీక్ష ఎండయే. మామూలు ఫోనులో పంకా ఉండదు. వేడి చుట్టునున్న గాలిలోనికే పోవలెను. ఆ గాలియే 45 డిగ్రీలైనచో వేడి సులభముగా పోదు. అప్పుడు ప్రాసెసర్ తన్ను కాపాడుకొనుటకు తానే వేగము తగ్గించుకొనును. వెల పెట్టినంత మాత్రమున ఈ బాధ తప్పదు; ఐఫోనును 0 నుండి 35 డిగ్రీల పరిసరములలో వాడుడని ఆపిల్ సంస్థయే చెప్పుచున్నది.

ఓపెన్‌కాస్టు గనిలో డంపరును చూచియున్నారు గదా! ఖాళీగా చదును బాటపై దాని వేగమెంతయను మాటతో పనిలేదు. బొగ్గు నింపుకొని ఎన్ని మారులు ఎగువకు రాగలదో చూడవలెను. ప్రకటనలలోని అంకెలు తరచుగా ఖాళీ డంపరు వేగములే. చల్లని దుకాణములో ప్రతి ఫోనును చురుకుగానే యుండును. తెలిసినవారి వద్దనున్న అదే రకపు ఫోనులు రెండు తెచ్చి, ఒకే కంపెనీ సిమ్ములు వేసి, మధ్యాహ్నపు ఎండలో అరగంట సేపు అదే యాప్‌లో చిత్రములు తీయించి చూడుడు. ఒకే సిమ్ము ఏలననగా, సిగ్నలు తప్పును ఫోనుపై వేయరాదు.

కొత్త ఫోను వచ్చువరకు ఉన్నదాని తొడుగు తీసి, నీడన ఉంచుడు. ఎండలో ఛార్జింగు పెట్టకుడు. చల్లబరచుటకు ఫ్రిజ్‌లో మాత్రము పెట్టవలదు. లోపల చెమ్మ పట్టును.